కింది గొట్టం

నరసరావుపేట,
22-4-1943.

తమ్ముడు నెహెమ్యాకు నాగూర్ వలి దీవెనలు.

పెళ్లి సందడి సద్దుమణిగింది. నిన్న పందిరి విప్పించాను. చెల్లెలు సాబిరాను కారెంపూడి అత్తవారింటికి పంపిన దగ్గర్నుంచి అమ్మ గుమ్మంలో కూర్చుని "ఇల్లు బోసిపోయిందిరా" అని ఒకటే నస. ఉన్నన్నాళ్లు ఆ పిల్లతో రోజూ పోట్లాడేది తనే.

నువ్వు మూడు రోజులు ఇంటి మనిషిలా తిరిగావు. షర్బత్ గ్లాసులు అందిస్తుంటే మగపెళ్లివారు నిన్ను నా తోడబుట్టినవాడే అనుకున్నారట. పేరడిగితే నెహెమ్యా అన్నావట. పెళ్లికొడుకు మేనమామ ఇంకా తేరుకోలేదని సాబిరా కబురు పెట్టింది.

ఇక మీ ఆసుపత్రి కారు సంగతి. మీ డాక్టరు దొరసాని గారు మద్రాసుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి తెప్పించిన రబ్బరు గొట్టాలు రెండూ నువ్వు బండి తీసుకుపోయే లోపే వేసేశాను. ఇంజనులో కాగిన నీళ్లను రేడియేటరుకు తెచ్చే పై గొట్టం, చల్లారిన నీళ్లను మళ్లీ ఇంజనుకు పంపే కింది గొట్టం. నీకిది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అయినా చెప్పకపోతే నాకు తోచదు. యుద్ధం పుణ్యమా అని రబ్బరు బంగారమై కూర్చుంది కనుక జాగ్రత్తగా వాడు. తెల్లారి బండి తియ్యబోయే ముందు నీళ్లు చూసుకో. వారం తిరిగాక క్లిప్పులు అర చుట్టు బిగించు. నూనె చేతులతో రబ్బరు ముట్టుకోకు. పై గొట్టాన్ని అప్పుడప్పుడూ రెండు వేళ్లతో నొక్కి చూడు. బిగువుగా తగలాలి.

కిందిదాని జోలికి పోనక్కర్లేదు. అది నేను స్వయంగా బిగించాను. మన షెడ్డు పద్ధతి మరిచిపోలేదు కదా? నేను బిగించిన నట్టు మీద నువ్వు మళ్లీ పానా పెట్టినందుకు నీ వీపు మోగిన రోజు గుర్తుందా? మా ఉస్తాదు ఇమాం సాహెబు నాకూ అలాగే నేర్పాడు. ఉస్తాదు పని మీద శిష్యుడు చెయ్యేసి చూడటమంటే ఆయన మాటను కాదన్నట్టే.

మరదలు కృపమ్మను అడిగానని చెప్పు.

నీ అన్న,
నాగూర్ వలి.

---

మాచర్ల,
2-5-1943.

వలి అన్నకు నెహెమ్యా వందనములు.

ప్రభువు దయవల్ల క్షేమం. కారు పువ్వులా నడుస్తోంది. దొరసాని గారు బానెట్ ఎత్తించి కొత్త గొట్టాలు చూసి "మీ అన్న మంచి పనివాడు" అన్నారు. ఆ మాట నన్నే అన్నట్టు పొంగిపోయాను.

నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. పై గొట్టం నొక్కి చూశాను, బిగువుగా ఉంది. కిందిదాని మీద చెయ్యి వెయ్యలేదు. వేస్తే నిన్ను నమ్మనట్టు ఉంటుంది. దాని నలుపు చూస్తేనే తెలుస్తోంది, నీ చేతి పనికి వంక పెట్టే పనిలేదని.

మీ పెళ్లి భోజనం గురించి కృపమ్మకు చెప్పీ చెప్పీ ఆమె చేత చీవాట్లు తింటున్నాను.

నీ తమ్ముడు,
నెహెమ్యా.

---

మాచర్ల,
18-5-1943.

అన్నా,

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను, చింపేస్తున్నాను.

పధ్నాలుగో తారీకు పొద్దున కారెంపూడి పక్క పల్లె నుంచి యల్లమంద అనే రైతు సైకిలు తొక్కుకుంటూ ఆసుపత్రికి వచ్చాడు. భార్య మణెమ్మకు తొలి కాన్పు. రెండు రోజులుగా నొప్పులు పడుతోందట, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. దొరసాని గారు ఆపరేషనులో ఉన్నారు. నర్సు మరియమ్మను ఇచ్చి నన్ను పంపారు. పోయేటప్పుడు మెల్లగా పోయాం, ఏ ఇబ్బందీ లేదు. మణెమ్మను ఎక్కించుకుని పన్నెండు గంటలకు బయల్దేరాను. మాచర్ల పద్దెనిమిది మైళ్లు.

ఎండాకాలం ఇరవై మైళ్ల వేగం దాటొద్దని దొరసాని గారి ఆజ్ఞ. వెనక సీట్లో ఆమె అరుపులు విని నేను నలభై మీద పోయాను. యల్లమంద నా భుజం పట్టుకుని "ఇంకొంచెం తోలు సామీ, ఇంకొంచెం" అంటున్నాడు. ఏడు మైళ్లు వచ్చేసరికి నాపరాళ్ల గని దగ్గర రేడియేటరు పొగలు కక్కింది. ఆపి, చల్లారనిచ్చి, డబ్బాల్లో ఉన్న నీళ్లన్నీ మెడదాకా పోశాను. ఎక్కడా కారడం లేదు. వంగి గొట్టాలు చూశాను, రెండూ నిండుగా ఉన్నాయి. మళ్లీ ఎక్కి వేగంగా తోలాను. మైలు పోయేసరికి మళ్లీ మరిగింది. మూడోసారి ఇంజను పట్టేసింది, ఇక కదల్లేదు.

రాళ్లగుట్ట నీడలో మరియమ్మే కాన్పు చేసింది. ఆడపిల్ల. ఒక్కసారి పెదవులు కదిలించింది, ఏడవలేదు. ఆసుపత్రిలో అయితే బతికించేదాన్నని దొరసాని గారు అన్నారు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇరవై మీద వచ్చి ఉంటే గంటలో చేరేవాళ్లం. నేనే మరిగించాను అన్నా. ఆ బిడ్డను నేనే చంపాను.

నెహెమ్యా.

---

నరసరావుపేట,
27-5-1943.

తమ్ముడు నెహెమ్యాకు,

ఉత్తరం అందింది. జరగకూడనిది జరిగింది. అది నీ తప్పు కాదు, ఎండ తప్పు. ఈ ఏడు ఎండలు అలా ఉన్నాయి. ఇక్కడ పెట్రోలు లేక నడిపే బొగ్గు గ్యాసు బస్సులు కూడా దారిలో ఆగిపోతున్నాయి. పల్నాడు రోడ్లు, రాళ్ల వేడి, ఎవరు మాత్రం ఏం చేస్తారు?

ఒక్క మాట. అంత వేడి తగిలాక ఆ గొట్టాలు ఇక పనికిరావు. రెండూ కోసి అవతల పారేయి. ఇంట్లో కూడా ఉంచొద్దు. నేను ఎక్కడో చూసి వేరేవి పంపిస్తాను.

వేళకు అన్నం తిను.

వలి.

---

మాచర్ల,
3-7-1943.

వలి అన్నకు నెహెమ్యా వందనములు.

దొరసాని గారు గుంటూరు నుంచి మెకానిక్కును పిలిపించారు. అతను వారం ఉండి ఇంజను విప్పి బాగుచేశాడు. షెడ్డులోనే నిలబెట్టి ఒక అరగంట నడిపి చూపించాడు, కొంచెం కూడా వేడెక్కలేదు. "బండికేం కాలేదమ్మా, తోలినోడే కాల్చేశాడు" అని నా ఎదుటే చెప్పి పోయాడు.

ఆ రోజే తాళం చెవి దొరసాని గారి బల్ల మీద పెట్టేశాను. ఇక స్టీరింగు పట్టుకోను. ఇప్పుడు ఆసుపత్రి తోటకు నీళ్లు తోడుతున్నాను. ఆమె రెండుసార్లు పిలిచి అడిగారు. వేరే డ్రైవరు కోసం చూశారు, ఉన్నవాళ్లంతా మిలిటరీ లారీలకు పోయారు. కారు రేకుల కింద నిలబడి ఉంది. పల్లెల నుంచి వచ్చిన వాళ్లు దాన్ని చూసి, నన్ను చూసి, బండి కట్టుకుని పోతున్నారు.

యల్లమంద ఇంటికి పోయాను. కాళ్లు పట్టుకోబోతే లేవదీశాడు. "తోలు తోలు అన్నది నేనే గదా సామీ" అన్నాడు. అన్నా, ఆ బిడ్డ తండ్రి కూడా తప్పు తన మీదే వేసుకుంటున్నాడు. మణెమ్మ లోపలి నుంచి బయటికి రాలేదు.

గొట్టాలు పారేయమన్నావు. చేతులు రాలేదు. నీ పని అది, అందులో లోపమేముంది? బండికి అలాగే ఉంచాను. కుదిరితే ఒక్కసారి వచ్చి కారు చూసి పో. నువ్వు చూసి నాదే తప్పంటే నా మనసు ఒక దారికి వస్తుంది.

నెహెమ్యా.

---

నరసరావుపేట,
20-8-1943.

ఒరేయ్ నెహెమ్యా,

నీకు బుద్ధి ఉందా? పదేళ్లు నా దగ్గర పని నేర్చింది తోటకూర మడికి నీళ్లు పెట్టడానికా? బండి అన్నాక ఆగుతుంది. ఎవరి చేతిలోనైనా ఆగుతుంది. ఆ గుంటూరు వాడికి ఇంజను మీద ఏం తెలుసు? వాడి మాట పట్టుకుని ఏడుస్తావా? రేపే పోయి తాళం చెవి అడిగి తీసుకో. నేను చెబుతున్నాను, నీ తప్పు లేదు. లేదంటే లేదు, అంతే.

రమ్మన్నావు. షెడ్డులో పనితో ఊపిరాడటం లేదు. రంజాను వెళ్లాక చూస్తాను. అమ్మకూ ఒంట్లో బాగుండటం లేదు.

సాబిరాకు నాలుగో నెల. కాన్పుకు ఇక్కడికి తెస్తానంటే వాళ్ల అత్త ఒప్పుకునేలా లేదు. అవసరమైతే మాచర్ల ఆసుపత్రి ఉంది కదా, కారు ఉంది కదా అంటోందట. నువ్వు కారు మానేశావని నేను వాళ్లకు చెప్పలేదు.

వలి.

---

మాచర్ల,
11-10-1943.

వలి అన్నకు నెహెమ్యా వందనములు.

రంజాను ముగిసిందని తెలిసి ఎదురుచూశాను. వీలు కాలేదనుకుంటాను.

ఒక సంగతి నన్ను వదలడం లేదు. తోటలో నీళ్లు తోడుతున్నంతసేపూ అదే ఆలోచన. ఆ రోజు రేడియేటరు మెడదాకా నింపాను. చుక్క కారలేదు. గొట్టాలు ఉబ్బి బాగానే ఉన్నాయి. అయినా వేగంగా తోలిన ప్రతిసారీ మైలు తిరక్కుండా మరిగింది. ఆపితే బాగుంటుంది, తోలితే మరుగుతుంది. షెడ్డులో నిలబెట్టి నడిపితే ఏమీ లేదు. నీళ్లు ఉండి కూడా ఇంజనుకు ఎందుకు అందలేదు? నాకు తెలిసిన చదువుకు ఇది అందడం లేదు. నీకు తెలిసే ఉంటుంది. ఒక్క ముక్క రాయి.

నెహెమ్యా.

---

నరసరావుపేట,
25-10-1943.

తమ్ముడు నెహెమ్యాకు,

నువ్వు అడిగింది కార్డు మీద రాసేంత చిన్న సంగతి కాదు. తీరిక చేసుకుని రాస్తాను. అందరం బాగున్నాం.

వలి.

---

నరసరావుపేట,
6-2-1944.

నెహెమ్యాకు,

తమ్ముడూ అని రాసి కొట్టేశాను. ఇది చదివాక ఆ పిలుపు ఉంచాలో వద్దో నువ్వే చెప్పు.

సాబిరాకు కొడుకు పుట్టి పది రోజులైంది. తల్లీ బిడ్డా క్షేమం. అది నీకు తెలుసు, నీ కళ్లముందే జరిగింది. నీకు తెలియనిది రాస్తున్నాను.

కారెంపూడి నుంచి నొప్పులని కబురొచ్చి నేను పోయేసరికి వాకిట్లో ఎద్దుబండి కట్టి ఉంది. సాబిరా అత్త నన్ను చూసి "మాచర్ల కారేదయ్యా? మీ వాడే గదా డ్రైవరు?" అంది. బండిలో సాబిరా తల నా ఒళ్లో పెట్టుకుని తెల్లారి ఆరు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా వచ్చాను. నాపరాళ్ల గని దగ్గర ఎద్దులకు నీళ్లు తాగించాలని బండివాడు ఆపాడు. "ఈ దాపులోనే మునుపు ఆసుపత్రి కారు ఆగిపోయి ఒక పసిగుడ్డు పోయింది" అని తనకు తనే చెప్పుకున్నాడు. సాబిరా నా చెయ్యి పట్టుకుని "భయంగా ఉందన్నా" అంది. దాని చేతిలో ఉన్న నా చెయ్యి ఎవరిదో అనిపించింది.

మీ ఇంట్లో మూడు రోజులు అన్నం తిన్నాను. కృపమ్మ కొసరి కొసరి వడ్డించింది. నా చెల్లెలి స్నానానికి నువ్వు బావి నుంచి నీళ్లు తోడి తెస్తుంటే చూశాను. రెండో రోజు నన్ను కారు దగ్గరికి తీసుకుపోయి బానెట్ ఎత్తి "చూడన్నా" అని పక్కకు తప్పుకుని నిలబడ్డావు. నేను వంగి చూశాను. "అంతా బాగానే ఉంది" అన్నాను. నెహెమ్యా, ఆ మాట అన్నందుకు నన్ను ఏం చేసినా పాపం లేదు.

అంతా బాగాలేదు. కింది గొట్టం కొత్తది కాదు.

పెళ్లిరోజు పొద్దున మగపెళ్లివారిని తేవాల్సిన అంకారావు బస్సు మా షెడ్డు ముందే ఆగిపోయింది. దాని కింది గొట్టం నిలువునా చీలింది. గుంటూరు దాకా ఎక్కడా దొరకలేదు. అమ్మ వచ్చి "మగపెళ్లోళ్లు ఎండలో ఎదురుచూస్తా కూచుంటే ఈ పెళ్లి ఏమవుద్దిరా, ఏదో ఒకటి చెయ్యి" అని ఏడ్చింది. దొరసాని గారి కొత్త గొట్టం నా బల్ల మీద ఉంది. కొంచెం సన్నం. వేడినీళ్లలో నానబెట్టి సాగదీసి బస్సుకు తొడిగాను. అప్పుడు నువ్వు పందిట్లో షర్బత్ కలుపుతున్నావు. ఆ బస్సు దిగిన వాళ్లకే నువ్వు గ్లాసులు అందించావు.

మీ కారుకు పాత సామానులోంచి ఒక గొట్టం తీశాను. కిరసనాయిలుతో కడిగి, ఆముదంలో దీపపు మసి కలిపి రుద్దితే కొత్తదానిలా నిగనిగలాడింది. ఆ నలుపు చూసే నువ్వు నన్ను మెచ్చుకుంటూ రాశావు. నూనె చేతులతో రబ్బరు ముట్టుకోవద్దని నీకు రాసిన చెయ్యే అది. కిరసనాయిలు తగిలి దాని లోపలి పొర ఎప్పుడో మెత్తబడి ఉంటుంది.

నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఇంజను వేగం అందుకున్నప్పుడు పంపు కింది గొట్టంలోంచి నీళ్లను బలంగా లాగుతుంది. గొట్టం బిగువుగా ఉంటే తట్టుకుంటుంది. మెత్తదైతే బుగ్గలు పీల్చుకున్నట్టు చప్పబడి అతుక్కుపోతుంది. ఇక నీళ్లు రావు. బండి ఆపితే మళ్లీ ఉబ్బుతుంది. దిగి చూసినవాడికి ఏ లోపమూ కనబడదు. మెల్లగా తోలినా, నిలబెట్టి వేగం పెంచకుండా నడిపినా తెలియదు. వేళ్లతో నొక్కి చూస్తేనే తెలుస్తుంది. ఆ నొక్కడమే నేను వద్దన్నాను. పద్ధతి పేరు చెప్పి, ఇమాం సాహెబు పేరు చెప్పి, నీ చెయ్యి కట్టేశాను.

నెల తిరిగేలోగా మద్రాసు నుంచి ఇంకోటి తెప్పించి, ఎవరికీ తెలియకుండా మారుద్దామనుకున్నాను. ఈలోపల నీ ఉత్తరం వచ్చింది. అప్పుడే రాయాల్సింది. షెడ్డు మూతపడుతుందని భయపడ్డాను, నా చెల్లెలి పెళ్లి మీద ఆ బిడ్డ ఉసురు పడిందంటారని భయపడ్డాను. ఒకటి రెండు నెలలు పోతే నువ్వే మరిచిపోతావనుకున్నాను. నువ్వు మరవలేదు. నీ ప్రతి ఉత్తరం వచ్చినప్పుడల్లా కవరు చింపకుండా ఒక పూట జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి.

నీ వేగం తప్పు కాదు. కాన్పు కష్టమైన మనిషిని ఎక్కించుకున్నవాడు అలాగే తోలాలి. ఆ బిడ్డ నా చేతి పని వల్లే పోయింది.

ఈ ఉత్తరం దొరసాని గారికి చూపించు. యల్లమందకు చదివి వినిపించు. మొన్ననే మద్రాసు నుంచి ఒక గొట్టం సంపాదించాను. రేపటి బస్సులో పంపుతున్నాను. ఈసారి కొత్తదే. నా మాట నమ్మమని అడిగే మొహం నాకు లేదు.

నాగూర్ వలి.

---

మాచర్ల,
4-3-1944.

నాగూర్ వలి గారికి,

మీ ఉత్తరం అందింది. పార్సెలూ అందింది. నెల దాకా జవాబు రాయలేకపోయాను.

ఉత్తరం చదివి నేరుగా షెడ్డుకు పోయాను. బానెట్ ఎత్తి కింది గొట్టం నొక్కాను. నానిన రొట్టెలా నా వేళ్లు దిగబడ్డాయి. ఇంజను తిప్పి, కృపమ్మను సీట్లో కూర్చోబెట్టి యాక్సిలేటరు తొక్కమన్నాను. ఆమె తొక్కిన కొద్దీ గొట్టం చప్పబడింది. వదిలితే ఉబ్బింది. మళ్లీ తొక్కమన్నాను. అలా ఎన్నిసార్లు చేయించానో నాకు గుర్తులేదు. చివరికి ఆమె దిగి వచ్చి "ఇక చాలయ్యా" అని నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది.

గొట్టం సంగతి నేను అర్థం చేసుకోగలను. సాబిరా పెళ్లి ఆగిపోతుందంటే నా చేతిలో ఉన్నా నేనూ ఇచ్చేవాణ్ణేమో. ఒక్క మాట చెప్పి ఉంటే ఇరవై మైళ్లకు మించకుండా తోలేవాణ్ణి, లేదా ఆ రోజు కారు తియ్యకుండా బండి కట్టించేవాణ్ణి. అదీ పోనివ్వండి. కానీ తొమ్మిది నెలలు నేను ఈ చేతుల్ని చూసుకుని అసహ్యపడుతుంటే మీరు నాకు ఎండల గురించి రాశారు. నా ఇంట్లో కూర్చుని, బానెట్ మీదికి వంగి, అంతా బాగానే ఉందన్నారు. అది మాత్రం నాకు మింగుడు పడటం లేదు. పడుతుందో లేదో కూడా తెలియదు.

నా తప్పు లేదని రాశారు. ఉంది. వారం వారం బానెట్ ఎత్తి పై గొట్టం నొక్కాను. కిందిది జానెడు దూరంలోనే ఉంది. మీకు కోపం వస్తుందని దాన్ని ముట్టుకోలేదు. కారులో ఎక్కే మనుషుల కంటే మీ మర్యాద నాకు ఎక్కువైంది. అది నా వాటా, దాన్ని మీరు మొయ్యలేరు.

దొరసాని గారు మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టారు.

యల్లమంద ఇంటికి నడిచే పోయాను. చదివి వినిపించాను. అతను తల వంచుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్లూ బయటికి రాని మణెమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. "అయితే ఈయన తోలు తోలు అన్నందుకు కాదా?" అని అడిగింది. కాదమ్మా అన్నాను. ఆమె మొగుడి వైపు చూసి ఏడ్చింది. తొమ్మిది నెలల్లో వాళ్లిద్దరూ ఆ సంగతి మాట్లాడుకోలేదట. తర్వాత నాతో అంది: "ఆయన్ని రమ్మను. కాయితం మీద కాదు, మా వాకిట్లో నిలబడి చెప్పాల."

మీరు పంపిన గొట్టం విప్పాను. ముందు నొక్కి చూశాను. ఒక చివర వేలెడు ముక్క కోసి లోపలి పొరలు చూశాను. బాగుంది. బిగించాక మళ్లీ నొక్కాను. ఇంజను వేగం పెంచి చూశాను, చప్పబడలేదు. మొన్న ఒక కాన్పు కేసును రెంటచింతల నుంచి తెచ్చాను. బయల్దేరే ముందు నొక్కాను, చేరాక నొక్కాను.

సోమవారం మందుల పెట్టెలకు నరసరావుపేట వస్తున్నాను. పది గంటలకు షెడ్డు ముందు ఆపుతాను. నువ్వు తయారుగా ఉండు. నిన్ను యల్లమంద ఇంటికి తీసుకుపోతాను. దారిలో రెండు మూడు చోట్ల కారు ఆపి, బానెట్ ఎత్తి, నువ్వు పంపిన గొట్టం నొక్కి చూస్తాను. నువ్వు పక్క సీట్లోనే ఉంటావు.

ఏమీ అనుకోకు అన్నా.

నెహెమ్యా.